కమాను రాళ్లకు తలస్నానం

ఆ రోజుకి మేస్త్రి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి షెడ్డు తెరవాలి. పదకొండింటికి లారీ వస్తే పదిహేడు రాళ్లనీ గోనెసంచుల్లో చుట్టి ఎక్కించాలి. మధ్యాహ్నానికి కొత్త గ్రంథాలయం దగ్గర క్రేను సిద్ధంగా ఉంటుంది. అయిదు లోపల ప్రధాన ద్వారం మీద కమాను నిలబడాలి. నిలబడితే మిగిలిన నాలుగు ద్వారాల కమానులూ ఆయన చేతికే రావచ్చు. లేకపోతే మిషన్‌తో రాయి కోసేవాళ్లకి పోతాయి. "కమాను నిలబడ్డ రోజు చెబుతాను మేస్త్రిగారూ" అంది ఆర్కిటెక్టు మేడమ్. ఆ మాట నెల రోజులుగా ఆయన గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

సున్నపురాయి మెత్తనిది, ఉలి చెప్పినట్టు వింటుంది. పదిహేడు రాళ్లూ ఒకే కొలత, ఒకే ఆకారం. పైన వెడల్పు, కింద ఇరుకు. ఒక్కో రాయి మీద ఒక్కో పువ్వు. ఎడమ పాదం దగ్గర మొదటి రాయి మీద ముడుచుకున్న మొగ్గ. పైకి వెళ్లే కొద్దీ అది కొంచెం కొంచెం విచ్చుకుంటూ, నడినెత్తిన కూర్చునే తొమ్మిదో రాయి మీద నిండు పువ్వవుతుంది. కుడివైపు దిగుతూ మళ్లీ ముడుచుకుంటూ పదిహేడో రాయి దగ్గర మొగ్గగా మిగులుతుంది. ఒక రాయికీ పక్క రాయికీ తేడా వెంట్రుకవాసి. "ఆ తేడా కంటికి ఆనకపోవడమే పనితనం" అని మేస్త్రి కనపడ్డ వాళ్లందరికీ చెప్పాడు. ఏ రాయి ఎన్నోదో తెలియడానికి వెనకవైపు బొగ్గుతో అంకెలు వేసుకున్నాడు.

అంకెల విషయంలో బావమరిది ఒకసారి సలహా ఇచ్చాడు. ఇతగాడు మేస్త్రి భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పది రోజులుండి పోతానని వచ్చి తొమ్మిది నెలలైంది. చేతులు ఊరుకోవు. "అంకెలు ఉలితో చెక్కేద్దాం బావా, చెరగవు" అన్నాడు. "గోడలోకి పోయే వైపు ఎవడు చూస్తాడు? బొగ్గు చాలు. నీకు పని లేకపోతే రాయిని పొడవమంటావా?" అని మేస్త్రి కసిరాడు. బావమరిది నొచ్చుకోలేదు. నొచ్చుకునే రకమైతే ఎప్పుడో ఊరెళ్లిపోయేవాడు.

ఎనిమిదింటికి మేస్త్రి వచ్చేసరికి షెడ్డు తెరిచే ఉంది, నేలంతా నీళ్లు. పదిహేడు రాళ్లూ అప్పుడే తలంటుకున్న పిల్లల్లా గోడవార వరసగా ఉన్నాయి. పక్కన నీళ్ల పైపు, సబ్బు బకెట్టు, బ్రష్షు. మధ్యలో ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బావమరిది.

"మేడమ్ ఫొటోలు తీస్తారన్నావు కదా బావా. రాళ్లేమో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ఆరింటికే వచ్చి కడిగా."

మేస్త్రి వంగి ఒక రాయిని వెనక్కి తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. అద్దంలా ఉన్నాయి.

"వెనక కూడా తోమావా?"

"వెనకే ఎక్కువ తోమాను. బొగ్గు మరకలు, ఒక పట్టాన వదలలేదు."

"అవి మరకలు కావురా. అంకెలు."

బావమరిది కాసేపు బ్రష్షు వంక చూశాడు. "పోన్లే బావా. చెక్కింది నువ్వే కదా. చూస్తే తెలియదూ?"

చూస్తే తెలియకూడదనే మేస్త్రి ఎనిమిది నెలలు కష్టపడ్డాడు. రెండు కొస మొగ్గల్లో ఏది ఎడమదో ఏది కుడిదో తెలియలేదు. మధ్యవాటి సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా తడిసిన రాయి ముదురు రంగుకి తిరుగుతుంది, చెక్కిన లోతు కనపడదు. షెడ్డులో చూస్తే వెలుతురు చాలదు. రాళ్లు ఆరాలి, వాటి మీద ఎండ ఏటవాలుగా పడాలి. ఎండ ఉన్నది వీధిలో.

ఇద్దరూ కలిసి తోపుడుబండి మీద రాళ్లని ఒక్కొక్కటిగా వీధిలోకి చేరవేశారు. మేస్త్రి వాటిని అర్ధచంద్రాకారంలో పరిచాడు, మార్చాడు, మళ్లీ మార్చాడు. తొమ్మిదిన్నరకి కమాను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వీధినంతా ఆక్రమించింది. దాని మధ్య మేస్త్రి తల పట్టుకుని చతికిలబడ్డాడు. అటు మూడు కార్లు, ఇటు ఒక స్కూలు బస్సు ఆగిపోయాయి. వెనక హారన్లు మొదలయ్యాయి. ఏం జరుగుతోందో తెలియని వాళ్లు, తెలుసుకుందామని దిగిన వాళ్లు, తెలిసినట్టు పక్కవాళ్లకి వివరిస్తున్న వాళ్లు చుట్టూ మూగారు.

ట్రాఫిక్ కానిస్టేబుల్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏంటయ్యా ఇది? దేనికి ధర్నా?"

"ధర్నా కాదండీ" అని మేస్త్రి లేవబోయాడు. బావమరిది ఆయన భుజం నొక్కి చెవిలో అన్నాడు. "లేవకు బావా. కాదంటే అయిదు నిమిషాల్లో రాళ్లు లోపల పెట్టిస్తాడు. అవునంటే పైవాళ్లొచ్చే దాకా ముట్టుకోడు. ఈలోపు ఆరతాయి."

మేస్త్రికి ఇందులో తప్పెక్కడుందో వెంటనే తట్టలేదు. తట్టేలోపు బావమరిది కానిస్టేబుల్‌కి ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ధర్నాయే సార్. గ్రంథాలయానికి మిగిలిన నాలుగు కమానులూ మా బావే చేత్తో చెక్కాలి. మిషన్ రాయి పెట్టడానికి వీల్లేదు. అదీ మా డిమాండు."

జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. బస్సు డ్రైవరు ఇంజను ఆపేసి దిగి మరీ కొట్టాడు. కానిస్టేబుల్ ఆ డిమాండుని శ్రద్ధగా వైర్‌లెస్‌లో చెప్పాడు. అటునుంచి అడిగితే ఆర్కిటెక్టు పేరు కూడా చెప్పాడు. పేరు అందించింది బావమరిదే.

"నా నోట్లో మట్టి కొట్టావు కదరా" అన్నాడు మేస్త్రి. "ఆవిడ చెబుతానంది. ఇప్పుడింకేం చెబుతుంది?"

అప్పుడే మేస్త్రి భార్య టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. ఎనిమిది నెలలుగా దాదాపు రోజూ ఆ వేళకి వచ్చి, ఆయన చెక్కుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని వెళ్లడం ఆవిడకి అలవాటు. జనాన్ని చూసింది, రాళ్లని చూసింది, తమ్ముణ్ణి చూసింది. ఇక ఎవర్నీ ఏమీ అడగలేదు.

"వరస తప్పారేంటండీ? అది అయిదోది కదూ, అక్కడ పెట్టారేం?"

"నీకెలా తెలుసు?"

"ఆ రోజు వీడు మీ సన్నఉలితో పెయింటు డబ్బా మూత తీశాడు. ఈనెలు చూడండి, ఎంత లోతుగా దిగాయో. పక్కది పన్నెండోది. నేను మీతో చెప్పకుండా వీణ్ణి ఇంకో నెల ఉండమన్నాను కదా, అప్పటిది. రేకులు మూతి ముడుచుకుని లేవూ?"

"నా పని పదిహేడు రాళ్ల మీదా ఒకేలా ఉంటుంది" అన్నాడు మేస్త్రి పౌరుషంగా.

"ఉంటుందండీ. కోపం ఒకేలా ఉండదు." ఆవిడ క్యారియర్ కానిస్టేబుల్ చేతికిచ్చి, కొంగు దోపుకుని ఒక్కో రాయి మీదా వేలు పెట్టి తడిమింది. ఇది మూడోది, వీడు మీ చెప్పులేసుకుని సినిమాకి పోయిన రోజు. ఇది పద్నాలుగోది, కూరలో ఉప్పెక్కువైంది. మేస్త్రి, బావమరిది ఆవిడ చూపిన చోటికల్లా రాళ్లు మోశారు. పదిహేడూ పూర్తయ్యాక చూస్తే మొగ్గ కొద్దికొద్దిగా విచ్చుకుని పువ్వయింది, పువ్వు కొద్దికొద్దిగా మొగ్గయింది. నడిమి రాయి అన్నిటికంటే అందంగా ఉంది.

"ఇదెప్పటిదమ్మా?" అని కానిస్టేబుల్ ఉండబట్టలేక అడిగాడు.

"అప్పుడు నేనూ మా తమ్ముడూ ఊళ్లో లేము."

మేస్త్రి జేబులోంచి బొగ్గుముక్క తీసి అంకెలు వేస్తుండగా ఆర్కిటెక్టు మేడమ్ కారు దిగింది. కమాను చుట్టూ ఒకసారి నడిచింది. ముఖం ప్రసన్నంగా మారినట్టే మారి, మేస్త్రిని చూడగానే మళ్లీ ముడుచుకుంది.

"నాలుగు కమానులూ మీకేనని నిన్న సాయంత్రమే సంతకమైంది మేస్త్రిగారూ. ఉత్తర్వు నా బ్యాగులో ఉంది. ఇవాళ ఇది నిలబడ్డాక మీ చేతిలో పెడదామనుకున్నాను."

"మరి పెట్టండి మేడమ్."

"ఎలా పెట్టను? గంట క్రితం మీ డిమాండు ఊరంతా వైర్‌లెస్‌లో వెళ్లింది. ఇప్పుడిస్తే రోడ్డు మూస్తే కమానులిస్తున్నారంటారు. రేపు కిటికీల వాళ్లు కూర్చుంటారు, ఎల్లుండి తలుపుల వాళ్లు."

మేస్త్రి రాయి మీద కూలబడ్డాడు. ఆడుకోడానికి బస్సు దిగిన స్కూలు పిల్లలు కూడా ఆ ముఖం చూసి గోల ఆపారు. మేడమ్ గడియారం చూసుకుని, "ఒక పని చెయ్యండి" అంది. "ఆ నాలుగు కమానులూ మీకు వద్దని రాసివ్వండి. డిమాండు లేకపోతే ధర్నా లేదు. ధర్నా లేకపోతే నిన్నటి ఉత్తర్వు నిన్నటిదే."

"కావాల్సినవి వద్దని రాస్తే ఇస్తారా?"

"అప్పుడే ఇవ్వగలను."

మేస్త్రి కానిస్టేబుల్ ఇచ్చిన కాగితాన్ని తొమ్మిదో రాయి మీద పరుచుకుని, చేతిలో ఉన్న దానితోనే రాయబోయాడు.

"బొగ్గుతో వద్దు మేస్త్రీ, చెరిగిపోతుంది" అని కానిస్టేబుల్ పెన్ను అందించాడు. బావమరిది గోడ మీద ఏదో ఆసక్తికరమైనది ఉన్నట్టు అటు తిరిగాడు.

"నాకు చేత్తో చెక్కే పని మీద ఎలాంటి ఆశా లేదు" అని ముప్ఫై ఏళ్లుగా చేత్తో చెక్కుతున్న మనిషి రాసి సంతకం పెట్టాడు. కానిస్టేబుల్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేడమ్ బ్యాగు తెరిచింది.

లారీ గంటన్నర ఆలస్యంగా కదిలినా, అయిదుకి పది నిమిషాలుండగా క్రేను నడిమి రాయిని దించింది. పదహారు రాళ్ల మధ్య అది చప్పుడు చెయ్యకుండా కూర్చుంది. అప్పటికి ఎండ పక్క నుంచి కొడుతోంది. మొగ్గలన్నీ నీడలు పట్టుకుని బతికున్నట్టు లేచాయి. మేస్త్రి చాలాసేపు తల పైకెత్తి అలాగే నిలబడ్డాడు. తర్వాత అయిదో రాయి వైపు చూసి పళ్లు కొరుక్కున్నాడు. ఈనెలు నిజంగానే లోతుగా ఉన్నాయి.

మర్నాడు షెడ్డులో ఆయన ఉలితోనే అంకెలు చెక్కడం మొదలుపెట్టాడు. భార్యకి మాత్రం అంకెల మీద నమ్మకం కుదరలేదు. నాలుగు కమానులకి అరవై ఎనిమిది రాళ్లు, గుర్తుండాలంటే రాయికో గొడవైనా జరగాలంది. తమ్ముణ్ణి ఇంకో ఏడాది ఉండమని అప్పటికే చెప్పేసింది కాబట్టి, అందుకోసం ఎవరూ ప్రత్యేకంగా శ్రమపడాల్సిన అవసరం రాలేదు.