రాజోలు మెయిలు కొక్కేల కేసు

"ఈ భూమ్మీద నేరం చేసి ఇంకా తప్పించుకు తిరుగుతున్నవాడు ఎవడైనా ఉన్నాడంటే, వాడు మన ఎస్టీడీ బూతు ముందునుంచి ఇంకా నడవలేదని అర్థం, బాబాయిగారూ!"

అంజిబాబు ఈ మాట అన్నప్పుడు బూతులో స్టూలెక్కి నిలబడి ఉన్నాడు. గంభీరంగా కనబడాలని ఎక్కలేదు. కింద ఎలుక ఉంది.

మా ఊళ్ళో అతగాడికి ఫోను బూతు పేరుకి మాత్రమే వ్యాపారం. అసలు వృత్తి డిటెక్టివ్. బూతు అద్దం మీద "ఎస్టీడీ, ఐఎస్‌డీ, అపరాధ పరిశోధన" అని ఎర్రరంగుతో రాయించుకున్నాడు. వెనకటికి ముత్యాలు గేదె తప్పిపోతే, దాని గిట్టల గుర్తులు పట్టుకుని బయల్దేరేడు. అయితే పట్టుకున్న దిక్కు తారుమారైంది. వెనక్కి వెనక్కి వెళ్ళి, ఆ గేదె పుట్టిన పాకకి చేరి, దాని తల్లిని అరెస్టు చేసేడు. ఈలోగా గేదె ఆకలేసి ఇంటికొచ్చేసింది. "చూశారా, తల్లిని పట్టుకుంటే పిల్ల దిగొచ్చింది!" అని ఇప్పటికీ చెప్పుకుంటాడు. నేను పక్కనుండి చూసినవాణ్ణి కాబట్టి ఒట్టేసి చెప్పగలను. నమ్మకపోతే మీ ఖర్మ.

అంతటి మేధావికి తగిలిన అతి పెద్ద కేసు కేశవరావు రైలుది.

మా రాజోలు వైపు రైలు లేదు. వస్తుందని నేను లాగూ తొడుక్కున్న రోజుల్నుంచీ వింటున్నాను. లాగూ పోయి పంచె వచ్చింది, పళ్ళు పోయి కట్టుడుపళ్ళు వచ్చేయి, రైలు మటుకు రాలేదు. కేశవరావు రైల్వేలో గార్డుగా చేసి రిటైరై ఊరొచ్చేడు. బతుకంతా బండి చివర నిలబడి పచ్చజెండా ఊపినవాణ్ణి, అరుగు మీద కూచుని కొబ్బరాకులు ఊగడం చూడమంటే ఎలా చూస్తాడు? ఇంటి వెనక కొబ్బరికాయల కొట్లో బల్లలు పరిచి, వాటి మీద కోటిపల్లి నుంచి నరసాపురం దాకా బొమ్మ రైలుమార్గం కట్టేసేడు. మధ్యలో వశిష్ఠ గోదావరి. అంటే రేకు తొట్టి, కానీ నీళ్ళు మాత్రం అచ్చంగా గోదావరివే. బిందెతో తెచ్చి పోసేడు. దాని మీద వంతెన. ఇంజను బెండకాయంత, పెట్టెలూ అంతే. మస్కట్‌లో ఉన్న అన్నకొడుకు హరిబాబు పంపించేవాడు.

ఊరంతా దాన్ని రాజోలు మెయిలు అనేది. మొహం మీద నవ్వేది కూడా.

నవ్వక ఏం చేస్తారు? ఆ పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించే కొక్కేలు పనికిమాలినవి. బండి వంతెన ఎక్కేసరికి ఆఖరి పెట్టెలు ఊడి వెనక్కి జారి గోదాట్లో పడేవి. రోజూ పడేవి. మునిగినవాళ్ళని లెక్కేస్తే కోనసీమలో మనిషన్నవాడు మిగలకూడదు.

ఇలా ఉండగా ఆ బొమ్మల కంపెనీవాళ్ళు కొత్త బండి చేస్తున్నారనీ, దాని కొక్కెం కొత్త రకమనీ హరిబాబు ఫోను చేసేడు. అప్పట్నుంచీ కేశవరావుకి అన్నం లేదు, నిద్ర లేదు, ఎదుటివాడికి విముక్తి లేదు. ఎవరు కనబడితే వాళ్ళ చెయ్యి పుచ్చుకునేవాడు.

"ఇదిగో, ఇలా వేళ్ళు ముడువు. నేనూ ముడిచేను. ఇప్పుడు గుద్దు. పట్టుకుందా? అంతే! రెండు పెట్టెలూ ఆనించి నొక్కితే వాటంతటవే పట్టుకుంటాయి. ఇక ఊడడం అనేది లేదు."

పెళ్ళిళ్ళలో ఇదే, పరామర్శల్లో ఇదే. ఆయన భార్య సూర్యకాంతంగారు ఓ ఏడాది భరించి, చివరికి తీర్పు చెప్పేసేరు. "కొబ్బరికాయల కొట్టు కాయలకి. రైలుకి కాదు. ఆ కొత్తదేదో వచ్చేదాకా ఊరుకుంటాను. వచ్చేక కూడా వంతెన దాటకపోతే, వచ్చే దింపునాడు ఆ బల్లలన్నీ పొయ్యిలోకే!"

చెట్ల మీంచి కాయలు దింపే రోజుకి సరిగ్గా రెండ్రోజుల ముందు కొత్త బండి దిగింది. మర్నాడు పొద్దున్న ప్రారంభోత్సవం. ఊరు ఊరంతా కొట్టు గుమ్మం దగ్గర మూగేం. కేశవరావు పాత గార్డు కోటు తొడుక్కుని, ఈల ఊది, పచ్చజెండా ఊపేడు.

ఇంజను బయల్దేరింది. వంతెన దాటింది. నరసాపురం చేరింది.

పెట్టెలు కోటిపల్లిలోనే ఉన్నాయి.

ఆయన వాటిని ఆనించి నొక్కేడు. పట్టుకోలేదు. గట్టిగా నొక్కేడు. అలిగిన వియ్యాలవారిలా మొహాలు తిప్పుకున్నాయి. జనం విరగబడి నవ్వేరు. సూర్యకాంతంగారు మాత్రం నవ్వకుండా లోపలికెళ్ళిపోయేరు. కేశవరావు స్క్రూడ్రైవరు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని బల్ల పక్కన కూచున్నాడు. మర్నాడు ఆ పట్టాలు ఊడదియ్యాల్సింది ఆయనే మరి.

"ఎవరూ కదలొద్దు!" అని వెనకనుంచి ఓ గొంతు. "ఇది లోపం కాదు. కుట్ర!"

అంజిబాబు. చేతిలో భూతద్దం. అది వాళ్ళ తాతగారు పంచాంగం చదువుకునేది. ఓ పెట్టె ఎత్తి, కొక్కెం నోట్లోకి చూసి, గుండుసూదితో గోకి, ఏదో కాగితంలోకి రాల్చుకుని, నన్ను ముంజేయి పట్టుకుని మూలకి లాక్కెళ్ళేడు.

"బాబాయిగారూ, హతుడి నోట్లో పచ్చటి పొడి!"

"ఎవరు పోయేరయ్యా?"

"పెట్టె. వాసన చూడండి."

నాకు నశ్యం అలవాటు. నా ముక్కు ఏనాడో పెన్షన్ తీసుకుంది. "నాకేం తెలీడం లేదు. పసుపేమో?"

వాడు నాకేసి జాలిగా చూసేడు. "పసుపు ఎక్కడుంటుంది?"

"వంటింట్లో."

"ఇది వంటిల్లా?"

"కాదు."

"రైలుకి కూర వండుతారా?"

"వండరు."

"మరి పసుపెలా అవుతుంది? ఇది గంధకం. పేలుడు సరుకు! ఇంకో సంగతి, పులుపు వాసన కూడా ఉంది. యాసిడ్! పైగా ఈ చక్రానికి చిక్కుకున్న దారం చూడండి. ఉరి!"

నిజమే కదా అనిపించింది. ఆ మనిషి పక్కన కాసేపు నిలబడితే ఎవరి బుర్రయినా అంతే.

"రైలొస్తే ఎవరి కడుపు కొట్టినట్టు? ఆలోచించండి. గోదావరి దాటించే పంటువాళ్ళది! సఖినేటిపల్లి రేవుకి పదండి."

వాడి మోపెడ్ మీద బయల్దేరేం. మారువేషం కోసం మంకీటోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. దారిలో ఎదురైన ప్రతివాడూ "ఏం అంజిబాబూ, జలుబా?" అని పలకరించేడు. రేవులో పంటు మీద టిక్కెట్లు కోసే ముసలయ్య కూడా అదే అడిగేడు.

"జలుబు చేసిందాండీ అంజిబాబుగారూ?"

"నేను అంజిబాబుని కాను. నిన్న మధ్యాహ్నం నువ్వెక్కడున్నావ్?"

"పంటు మీదేనండి."

"సాక్షులున్నారా?"

"పంటు నిండా ఉన్నారండి. లారీలోళ్ళు, పెళ్ళివోరు, ఓ గేది కూడానండి."

"గేదె సాక్ష్యం చెల్లదు."

"ఆయ్. తమరికీ గేదెలకీ ముందునుంచీ పడదటగా అండీ."

నేను దగ్గినట్టు నటించేను. అంజిబాబు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "రైలొస్తే మీ పంటు మూతపడుతుందని నీకు భయం లేదూ?"

"ఏ రైలండీ?"

"రాజోలు మెయిలు."

"బెండకాయంత ఉంటదంట, అదాండీ? అందులో ఎవరెక్కుతారండీ, చీమలా? చీమలు మా పంటు మీద ఎప్పుడూ టిక్కెట్టు కొన్లేదండి. అయ్యి రైల్లో పోతే పోనియ్యండి, మాకేటి నష్టం?"

తిరిగొచ్చేటప్పుడు అంజిబాబు మోపెడ్ మీద వెనక్కి తిరిగి మరీ అన్నాడు. "చూశారా? చీమల సంగతి కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. ఆరితేరినవాడు!"

"ముందుకి చూసి నడపవయ్యా" అన్నాను. అప్పటికే కొబ్బరిమట్టల బండిలో దూరేం.

ఇంటికొచ్చేసరికి కేశవరావు అదే చోట, అదే స్క్రూడ్రైవరుతో కూచున్నాడు. "కంపెనీవాళ్ళు మోసం చెయ్యరండీ" అన్నాడు నాతో మెల్లిగా. "నాకే చేతకాలేదేమో. రేపు ఇవన్నీ నేనే విప్పేస్తాను. ఆవిడ చేత విప్పించను." అంత పెద్దమనిషి మొహం అలా చూడలేక నేను నశ్యం డబ్బా వెతుక్కున్నాను.

"భయపడకండి!" అన్నాడు అంజిబాబు. "నేరస్తుడు నేరస్థలానికి తప్పకుండా తిరిగొస్తాడు. రేపు పొద్దున్న నేనక్కడే ఉంటాను, గాలిలా, నీడలా, ఎవరికీ కనబడకుండా."

మర్నాడు నీడగారు గోనెసంచి కప్పుకుని బల్లకింద పడుకున్నారు. కాళ్ళు బయటే ఉన్నాయి. నేనూ కేశవరావూ పక్కన నిలబడ్డాం. పెట్టెలు పట్టాల మీద, వంతెనకి ఇవతల, ఎడంఎడంగా ఉన్నాయి. ఇంజను కేశవరావు జేబులో ఉంది, ఆఖరిసారి తుడుద్దామని.

పెరట్లో దింపు మొదలైంది. కాయలు ధబీధబీమని పడుతున్నాయి. మోసే లోవరాజు గంపతో గుమ్మంలోకొచ్చేడు. "అమ్మగారూ, కాయలు కొట్లోనేనాండీ?"

వంటింట్లోంచి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. "...ఆఁ. అన్నమాట అన్నదే. కొట్లోనే పొయ్యి."

లోవరాజు గుమ్మంలోనే గంప వంచేడు. అందులో ఓ కాయ తిన్నగా దొర్లుకుంటూ వచ్చి అంజిబాబు చీలమండని టకీమని కొట్టింది.

"బాంబు!" అని కేకేసి నిటారుగా లేచేడు. లేవడానికి పైన ఆకాశం లేదు, కోటిపల్లి ఉంది. తల తగిలి బల్ల ఎగిరింది. పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి, కప్పలు దూకినట్టు గోదాట్లోకి దూకేయి.

సర్వీసంతా ఒక్క ప్రమాదం ఎరగని గార్డు కేశవరావు. గుండె మీద చెయ్యేసుకుని లోవరాజు పోసిన కాయల మీద కూలబడ్డాడు.

చప్పుడుకి సూర్యకాంతంగారు అట్లకాడతో పరుగెత్తుకొచ్చేరు. ఆ అట్లకాడ చూసేసరికి డిటెక్టివ్‌కి చెమటలు పట్టేయి. తొట్టిలో రెండు చేతులూ పెట్టి, పెట్టెల్ని బచ్చలికూర జాడించినట్టు జాడించేస్తూ, "ఏం కాలేదండి, పిన్నిగారూ! ప్రాణనష్టం లేదండి!" అంటూ చొక్కాకి తుడిచి, పట్టాల మీద పెట్టి, కంగారులో ఒకదానిలోకి ఒకటి తోసేసేడు.

టక్.

అందరం ఆగిపోయేం.

టక్, టక్, టక్.

కేశవరావు లేచి వచ్చేడు. మొదటి పెట్టెని వేలితో లాగేడు. మిగతావన్నీ చేతులు పట్టుకున్న బడిపిల్లల్లా దాని వెనకాలే వచ్చేయి. మళ్ళీ లాగేడు. ఊడలేదు. తరవాత తొట్టికేసి చూసేడు. పొద్దున్న తేటగా ఉన్న గోదావరి పచ్చగా ఉంది. వేలు ముంచి, నాలిక్కి రాసుకున్నాడు.

"పసుపు. సూర్యం... నా రైలుకి పసుపెవరు పెట్టేరు?"

అట్లకాడ మెల్లిగా వీపు వెనక్కి వెళ్ళింది.

"మొన్న బండొచ్చిన రోజున మీరు బోంచేసి కునుకు తీసేరు కదా" అన్నారావిడ, గోడతో చెబుతున్నట్టు. "కొత్త బండి కొంటే పూజ చేయించరా ఎవరైనా? ట్రాక్టరుకి చేయించలేదూ? మీరైతే ముట్టుకోనివ్వరని నేనే చేసేసేను. పసుపు, కుంకం, ఓ మూర దండ. చక్రాల కింద నిమ్మకాయ పెడితే మీ బండి దాన్ని తొక్కలేదు, దాన్నే ఎక్కి కూచుంది. అందుకని కోసి పిండేను. తరవాత మీకు తెలీకూడదని పైనంతా తుడిచేసేను."

"కొక్కేల్లో?"

"ఏడాదిగా కొక్కేలు కొక్కేలు అని నా ప్రాణం తీసేరు కదండీ! అతుకు గట్టిగా నిలబడాలని అక్కడే ఎక్కువ రాసేను, మెత్తటి ముద్ద చేసి. ఎండి బిగుసుకుపోతుందని నాకేం తెలుసు?"

"వంతెన దాటకపోతే పొయ్యిలో పెడతానన్నావు!"

"అన్నాను. దాటకూడదని అన్నానా?"

అంజిబాబు నెత్తిమీద బొప్పి తడుముకుంటూ ముందుకొచ్చేడు. "గమనించేరా బాబాయిగారూ? సాక్ష్యాన్ని నీళ్ళలో కరిగించి, ముద్దాయి తనంతట తనే ఒప్పుకునేలా చేసేను. దీన్ని జలశోధన పద్ధతి అంటారు."

"మరి గంధకం?"

"అది ముద్దాయిని ఏమార్చడానికి."

"ముసలయ్య?"

"అతన్ని నిర్దోషిగా వదిలేశాను" అన్నాడు, వరం ఇచ్చినట్టు. తరవాత ఊరికి ఈ వార్త చెప్పడానికి బూతుకేసి కుంటుకుంటూ పరుగెత్తేడు. గోనెసంచి ఇంకా భుజానే ఉంది.

ఇక్కడ కేశవరావు పట్టాలు తుడిచి, జేబులోంచి ఇంజను తీసి పెట్టెలకి ఆనించేడు. టక్. ఈలోగా లోవరాజు రెండో గంపతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఇయ్యి ఎక్కడ పొయ్యమంటారండీ?"

"అరుగు మీద పొయ్యి. చాలకపోతే నట్టింట్లో పొయ్యి. ముందు ఆ పోసినవి తియ్యి, బండెళ్తోంది కనబడ్డం లేదూ?"

బండి కదిలింది. వంతెన ఎక్కింది. లోవరాజు గంప దించేసి మరీ చూసేడు. ఆఖరి పెట్టె వంతెన నడినెత్తిన ఒకసారి వణికి, ముందుదాన్ని వదలకుండా, అవతలి ఒడ్డుకి దిగింది. కేశవరావు ఈల ఊదబోయేడు. పెదాలు అదిరి గాలి మాత్రమే వచ్చింది. రాజోలు మెయిలు నరసాపురం స్టేషన్లోంచి జుయ్యిమంటూ సాగిపోయి, మలుపు తిరిగి మళ్ళీ కోటిపల్లి దారి పట్టింది.

సూర్యకాంతంగారు నరసాపురం ఆడపడుచు. అట్లకాడ ఎత్తి పట్టుకుని బల్లకి అడ్డంగా వచ్చేరు.

"ఆపండాపండి! మా ఊళ్ళో ఆగకుండా పోతుందేంటండీ? మావాళ్ళు దిగొద్దా?"