కుడి చేతికి పరీక్ష

ప్రభుత్వ రికార్డుల ప్రకారం మనిషి ఆరోగ్యంగా పుడతాడు, ఆరోగ్యంగా బతుకుతాడు, ఆరోగ్యంగానే పోతాడు. మధ్యలో ఎక్కడైనా కాలో చెయ్యో పడిపోతే అది అతని సొంత వ్యవహారం. కాదు, ప్రభుత్వం కూడా పట్టించుకోవాలంటే, పడిపోయిందని రుజువు చేసుకునే భారం అతనే మోయాలి. మోయగలిగాడా, అంత భారం మోసినవాడికి భృతి దేనికన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

సైన్‌బోర్డులు రాసే పెయింటరుకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆయన నిచ్చెన మీద నిలబడి ఒక పాలదుకాణానికి "స్వచ్ఛమైన పాలు" అని రాస్తుండగా, "పా" దగ్గర కుడి చెయ్యి బ్రష్షు వదిలేసింది. నలుగురూ కలిసి దింపి ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణం దక్కింది, మాట దక్కింది. చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. (దుకాణదారు ఆ బోర్డును అలాగే ఉంచేశాడు. నీళ్లు కలిపే చోట సగం మాటే నిజాయితీ అనుకున్నాడు కాబోలు.)

అప్పట్నుంచి ఆయన పేస్టు మూత తీసేదీ, తల దువ్వేదీ, చొక్కా గుండీలు పెట్టేదీ భార్యే. ఆవిడ కుట్టుమిషన్ల షెడ్డులో పనిచేసేది. కాలరు కుట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా అని పేరు. ఇప్పుడు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. "నెలాఖరు దాకా నీ మిషను ఎవరికీ ఇవ్వనమ్మా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అని షెడ్డు యజమాని కబురు చేశాడు. భృతి వస్తే పగటిపూట తోడుకు ఒక మనిషిని పెట్టుకోవచ్చు, ఆవిడ మళ్లీ మిషను ముందు కూర్చోవచ్చు. అందుకని అర్జీ పెట్టారు. అశక్తతా నిర్ధారణ విభాగం వైద్యపరీక్షకు రమ్మంది. పిలుపుతో పాటు సూచనలూ పంపింది:

"అర్జీదారు సహజముగా ప్రవర్తించవలెను. బాధను ఎక్కువ చేసి చూపినచో నటనగా పరిగణింపబడును. తక్కువ చేసి చూపినచో నిజమని పరిగణింపబడును."

తర్ఫీదు బాధ్యత బావమరిది నెత్తిన వేసుకున్నాడు. అతను ఇదివరకు నడుంనొప్పి మీద ఇలాంటి పరీక్షకే వెళ్లి తప్పి వచ్చాడు. (ప్యాసైనవాళ్లు ప్రశ్నలు మర్చిపోతారు. తప్పినవాళ్లకు జన్మంతా గుర్తుంటాయి.)

"ముందు ఆ గడ్డం సంగతి చూడు బావా. నున్నగా గీయించుకుని వెళ్లావో, అంతే సంగతులు. ఈయనకేం, పెళ్లికొడుకులా ఉన్నాడని రాసేస్తారు."

"పెంచుకుని వెళ్తే?"

"శుభ్రత లేదు, అందుకే జబ్బు చేసిందంటారు. మధ్యస్థంగా ఉంచు."

పెయింటరు అద్దంలో చూసుకుని ఆలోచనలో పడ్డాడు. రంగుల్లో బతికినా, ఒంటి మీద రంగుచుక్క ఉంటే గడప దాటని మనిషి ఆయన. పడిపోయిన చేతిని కూడా ప్యాంటు జేబులో పెట్టుకుని, తీరిగ్గా నిలబడ్డవాడిలా కనిపించేవాడు.

"ఆ చెయ్యి జేబులోంచి తియ్యి బావా! స్టైలు కొడుతున్నట్టుంది."

తీశాడు. అది బయట పడి వేలాడుతుంటే ఎవరి కళ్లలోకీ చూడలేకపోయాడు.

బావమరిది కుర్చీ లాక్కుని అధికారిలా కూర్చున్నాడు. "ఊఁ, చొక్కా గుండీ పెట్టుకోండి."

పెయింటరు ఎడమచేత్తో మొదలుపెట్టాడు. రాదని చూపించడమే ఉద్దేశం. కానీ ఆ గుండీ వేళ్ల మధ్య జారి, తిరిగి, మళ్లీ జారి, ఉన్నట్టుండి కాజాలోంచి తల బయటపెట్టింది. ముగ్గురూ దానికేసి చూస్తూ ఉండిపోయారు.

"కొంప ముంచావు కదా బావా!"

భార్య మాత్రం దగ్గరికొచ్చి, ఆ గుండీని తడిమి చూసి, విప్పేసింది. "ఇంకోసారి పెట్టండి."

"ఇంకోసారి పెట్టకు!"

"నువ్వాగరా. పరీక్షలో పెట్టరులే. ఇప్పుడు పెట్టనీ."

ఈసారీ పడింది. ఆవిడ మొహం అటు తిప్పుకుంది. ఆయన చెయ్యి పడిపోయాక ఆ ఇంట్లో జరిగిన మొదటి శుభం అదే. అది బయటికి పొక్కనివ్వకూడదని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు.

పరీక్ష చేసినావిడ హోదా సామర్థ్య పరిశీలకురాలు. చదివింది పళ్ల వైద్యం. (చేతుల డాక్టరైతే చేతుల పట్ల పక్షపాతం చూపవచ్చునని విభాగం భయం.) మంచి మనిషి. కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది.

"పొద్దున్నే తల దువ్వుకోవడం అవుతుందాండీ?"

"మా ఆవిడ దువ్వుతుందండి."

"అదే, అవుతుందా, అవదా? ఇందులో రెండే ఉన్నాయి."

"అవుతుందండి. కాకపోతే..."

"అవుతుంది." టక్కున నొక్కింది. "గుండీలు?"

పెయింటరుకు ఒట్టు గుర్తుంది, అబద్ధం చేతకాలేదు. "పైది ఒక్కటి ఒక్కోసారి పడుతోందండి" అన్నాడు. అనేటప్పుడు గొంతులో ఎంత వద్దనుకున్నా కాస్త గర్వం పలికింది. "మిగతావి మా ఆవిడే పెడుతుంది."

"అంటే అన్నీ పడుతున్నాయి. చాలా సంతోషం."

పక్కనే ఉన్న భార్య ఇక ఉండబట్టలేకపోయింది. "అవన్నీ నేను చేస్తే అవుతున్నాయమ్మా! పని మానుకుని ఇంట్లో కూర్చున్నా. నేను లేకపోతే ఆయన చొక్కా కూడా వేసుకోలేరు."

"మీరున్నారు కదండీ?"

"ఉన్నాను."

"మరి ఇంకేం. 'లేకపోతే' అనే గడి ఇందులో లేదమ్మా." పరిశీలకురాలు నిజంగానే బాధపడుతున్నట్టు అంది. "సరే, కుడి చెయ్యి పైకెత్తండి."

ఆయన ఎత్తబోయాడు. పళ్లు బిగించాడు, నుదుట చెమట పట్టింది. చెయ్యి ఒళ్లో ఎవరో మర్చిపోయి వెళ్లిన సంచిలా పడి ఉంది. ఆ అవస్థ చూడలేక భార్య అలవాటుకొద్దీ వంగి, రోజూ చొక్కా తొడిగేటప్పటిలాగే ఆ మణికట్టు పట్టుకుని పైకెత్తింది. సరిగ్గా అప్పుడే పరిశీలకురాలు మొదటిసారి తల తిప్పి చూసింది.

"లేస్తోంది" అంటూ టైపు చేసుకుంది.

నెలాఖరుకు ముందే ఫలితం వచ్చింది. (ఈ ఒక్క విషయంలో విభాగాన్ని మెచ్చుకోవాలి.) బావమరిది పైకి చదివాడు.

"పరిశీలనలో అర్జీదారునకు మూడు చేతులు పనిచేయుచున్నట్లు తేలినది. ఎడమది ఒకటి, భార్యవి రెండు (కుడిది భార్య ఎత్తగా లేచినందున విడిగా లెక్కింపబడలేదు). ఇది సగటు పౌరునికంటె ఒకటి ఎక్కువ. కావున అర్జీ తిరస్కరించడమైనది."

ఆవిడ లేచి షెడ్డుకు ఫోను చేసి, "నా మిషను ఎవరికైనా ఇచ్చేయండి" అని చెప్పింది. పెయింటరు ఆ మాట విననట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇంకేమైనా రాశారా?" అని అడిగాడు.

"అడుగున ఒక ముక్క ఉంది బావా."

"చదువు."

బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"మిగులు చేతి సంగతి అర్జీలో ముందుగా ఎందుకు తెలుపలేదో అర్జీదారు స్వదస్తూరీతో సంజాయిషీ పంపవలెను. మూడింటిలో ఏ చేతితో వ్రాసినను విభాగమునకు అభ్యంతరము లేదు."