అల్సీద్ పెరట్లో పొయ్యి

ఆ శనివారం పొద్దున మంచం దిగుతూనే, సాయంత్రానికల్లా తన ఇంటికి కప్పు వేయించి తీరాలని ఫెలిసీన్ తీర్మానించేసింది. ఆమె తీర్మానించాక ఆగిన పని ఆ కొండవాలు ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఒక్క తుపాను మాత్రం ఆమెను అడగకుండా వచ్చి, ఊళ్ళో ఇళ్ళ మీద రేకులన్నీ అప్పడాల్లా లేపుకుపోయింది.

అప్పటినుంచీ ఆమె తన అన్న భార్య యులారీ ఇంట్లో తలదాచుకుంటోంది. పగలు వదినగారి ఎత్తిపొడుపులు, రాత్రి వదినగారి గురక. దీవి మొత్తానికి రేకుల కరువు వచ్చిపడింది. ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాక వచ్చాయో గాని, చివరికి ఓడలో ఎర్ర రేకులు దిగాయి. ఆమె ఇంటికీ పక్కనున్న అల్సీద్ ఇంటికీ మధ్య ఉన్న రాతిగోడకు వాటిని ఆనించి పెట్టారు. ఇవి చేజారితే మళ్ళీ ఓడ ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. అందాకా గురకే గతి.

ఆ ఊళ్ళో ఇల్లు కప్పుకోవడానికి ఎవరూ కూలీలను పెట్టుకోరు. కుద్‌మెన్ పిలుస్తారు. ఇవాళ నీ ఇంటికి నేను సుత్తి పట్టుకొస్తే, రేపు నా ఇంటికి నువ్వు రావాలి. పిలిచినవాళ్ళు కడుపునిండా పెట్టాలి, గొంతు తడిసేలా రమ్ము పోయాలి. అల్సీద్ జన్మలో ఎవరింటికీ సుత్తి పట్టుకెళ్ళిన పాపాన పోలేదు. అందుకే ఇల్లెంత గట్టిదైనా, దూలాలూ వాసాలూ చెక్కుచెదరకపోయినా, అతను మాత్రం ఇంకా నీలం పట్టా కిందే కాపురం ఉంటున్నాడు.

పొయ్యి దగ్గర మొదటి చిక్కు వచ్చింది. ఫెలిసీన్ వాకిట్లో గాలి అగ్గిపుల్లను కూడా బతకనివ్వలేదు. గోడకు అవతల, అల్సీద్ పెరట్లో, చాటుగా మూడు రాళ్ళు సిద్ధంగా కనిపించాయి. ఆమె గంగాళం ఎత్తుకుని గోడ సందులోంచి దాటేసింది.

"ఆ పిసినారి పెరట్లోనా? మతుండే చేస్తున్నావా?" అంది యులారీ.

"అక్కడ గాలి లేదు వదినా. మనిషీ లేడు, కొండమీద తోటకెళ్ళాడు. వాడొచ్చేలోగా వండేసి, తినేసి, గిన్నెలు కూడా కడిగేస్తాం."

మగవాడి పెరట్లో ఆడది పొయ్యి వెలిగిస్తే ఆ ఇంటికి ఇల్లాలైనట్టేనని ఆ ఊరి లెక్క. ఆ సంగతి ఫెలిసీన్‌కు తెలియక కాదు. అల్సీద్‌ను మగవాళ్ళ లెక్కలో ఆమె ఎప్పుడూ వేయలేదు, అంతే. సీమపనసకాయలు, చేమదుంపలు కొబ్బరిపాలలో పడేసి, గరిటె వదిన చేతికిచ్చి, పులుసులోకి చేపల కోసం రేవుకు దిగిపోయింది.

ఆమె అటు వెళ్ళగానే ఇటు జనం వచ్చారు. ముందు నడిచినవాడు కోల్బేర్. ఊళ్ళో ఏ కప్పు వేసినా పెద్దరికం అతనిదే. అతను పొగను చూశాడు, పెరటిని చూశాడు, గరిటె పట్టుకున్న యులారీని చూశాడు.

"ఏంటి వదినా, ఫెలిసీనక్క అల్సీద్ పెరట్లో పొయ్యెట్టిందా?"

"ఆ, పొద్దున్నే వెలిగించింది."

"ఓరి దేవుడో! అయితే కలిసిపోయారన్నమాట! మాకు మాట మాత్రం తెలీదే! నీకు తెలుసా?"

సొంత ఆడబిడ్డ సంగతి తనకు తెలియదని ఊరి ముందు ఒప్పుకోవడం కన్నా యులారీకి చావు నయం. పైగా ఆడబిడ్డ ఇంకోచోట కాపురం పెడితే తన మంచం తనకు దక్కుతుంది.

"నాకెప్పుడో తెలుసులే," అంది పులుసు కలుపుతూ.

ఇక అడిగేదేముంది? కాపురం మగవాడింట్లోనే పెడతారు గదా అని నిచ్చెనలు అల్సీద్ ఇంటికి ఆనాయి. పెళ్ళివారి ఇల్లనేసరికి సుత్తులకు హుషారు హెచ్చింది. ఎర్ర రేకులు ఒక్కొక్కటే పైకి లేచాయి.

రేవులో పడవ ఆలస్యమైంది. ఫెలిసీన్ జాలరులను నాలుగు తిట్టి, పెద్ద చేపలు ఏరుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. దారిలో రొట్టెల కొట్టు ముసలమ్మ ఎదురొచ్చి ఆమె చెంపలు నిమిరింది.

"మంచిపని చేశావే తల్లీ! ఆడదానికి ఈ వయసులో ఓ ఆసరా ఉండాలి."

"ఉండాలి మరి! వదినింట్లో ఎన్నాళ్ళని పడుంటాను?"

"బాగా ఆలోచించే చేశావా?"

"ఆలోచించకుండా చేస్తానా పిన్నీ? గాలివానకి కదలనిది, పదికాలాలపాటు తుప్పు పట్టనిది చూసి ఏరుకున్నాను."

"తుప్పు సంగతి చెప్పలేను గానీ, గట్టి మనిషే," అని ముసలమ్మ కళ్ళొత్తుకుంది. ఆ మాట కోల్బేర్ గురించి కాబోలనుకుని ఫెలిసీన్ ముందుకు సాగింది. కప్పుకే ఊరంతా ఇంత సంబరపడుతోందంటే, తనంటే వీళ్ళకు ఎంత అభిమానమో అనుకుంది.

మలుపు తిరిగేసరికి కనిపించింది. ఎర్రటి కప్పు ఎండలో నిగనిగలాడుతోంది. దాని పక్కనే ఆమె ఇంటి వాసాలు పక్కటెముకల్లా బయటపడి ఉన్నాయి.

"అక్కా! ఎలా ఉంది నీ ఇల్లు?" అని కోల్బేర్ కప్పు మీది నుంచి కేకేశాడు.

"అది నా ఇల్లు కాదురా మొద్దూ!"

"ఇవాళ్టి నుంచి నీదేగా! యులారీ వదిన అంతా చెప్పింది."

ఫెలిసీన్ వదిన వైపు తిరిగింది. "ఏం చెప్పావు?"

"నేనేం చెప్పలేదు! వాళ్ళే చెప్పారు. నాకు ముందే తెలుసన్నాను, అంతే. లేకపోతే నా పరువేం కావాలి?"

"విప్పండి! ఇప్పుడే విప్పి నా ఇంటికెయ్యండి!"

కోల్బేర్ మెల్లగా నిచ్చెన దిగాడు. అతని ముఖంలో రంగు దిగిపోయింది. "అక్కా, ప్రతి రేకుకీ మేకులు దిగాయి. వీడి వాసాలు వేరు, నీ వాసాలు వేరు. ఇప్పుడు విప్పబోతే మేకు దగ్గరల్లా రేకు చీలిపోతుంది, తారుతో పూడ్చినా నిలవదు. జల్లెడ కింద పడుకున్నట్టే."

ఫెలిసీన్ బుట్ట దించి గోడ మీద కూలబడింది. తుపాను రాత్రి కూడా ఏడవని మనిషికి ఇప్పుడు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ ఎర్ర రంగును ఆమె ఎన్ని రాత్రులు కలగందో ఆమెకే తెలుసు.

సరిగ్గా అప్పుడే అల్సీద్ అరటిగెల భుజాన వేసుకుని కొండ దిగివచ్చాడు. తన ఇంటి మీద కొత్త కప్పు చూసి ముందు కళ్ళు నులుముకున్నాడు. ఊరకనే వచ్చిందని అర్థమయ్యాక ముఖం చేటంత చేసుకున్నాడు. అంతలో జనం చుట్టుముట్టారు.

"పెళ్ళికొడుకా! పెళ్ళెప్పుడు?"

"ఎవరి పెళ్ళి?" అన్నాడు. గెల జారి కాలిమీద పడింది.

ఆ బెదురు చూపు ఫెలిసీన్ కంటబడింది. అంతే, కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది.

"మన పెళ్ళే అల్సీద్. రేపు పూజవగానే ఫాదర్‌తో మాట్లాడతాను. నా మంచం, కుట్టు మిషను, కోళ్ళు సాయంత్రానికి వచ్చేస్తాయి."

"కోళ్ళెన్ని?" అన్నాడు అల్సీద్ నీరసంగా.

"చాలానే ఉన్నాయి. మా వదిన కూడా వస్తుంది, నేను పక్కన లేకపోతే పాపం ఆవిడకి నిద్ర పట్టదు. మా అన్న పిల్లలు మధ్యాహ్నం భోజనానికి మాత్రమే వస్తారు. ఆదివారం ఆదివారం మాంసం. అది నువ్వే తేవాలి."

"వారం వారమా?"

"పండగలకి వేరే."

అల్సీద్ ఎర్ర కప్పు వైపు చూశాడు, యులారీ వైపు చూశాడు, గంగాళం సైజు చూశాడు. ఆ మనిషి తుపానుకు జడవలేదు గాని ఆ గంగాళానికి జడిశాడు.

"రేకులు!" అని అరిచాడు. "నా దగ్గర రేకులున్నాయి! నీ ఇల్లంతటికీ సరిపోతాయి! తీసేసుకుని నన్నొదిలెయ్ తల్లీ!"

"ఎక్కడున్నాయి?"

"తోటలో. కోకో గింజలు ఆరబెట్టే కొట్టం కింద."

కుర్రకారు పరుగున వెళ్ళి మోసుకొచ్చారు. మొదటి రేకు ఆకుపచ్చది. దాన్ని చూడగానే కోల్బేర్ చేతిలో సుత్తి కింద పడింది.

"ఇది మా వంటింటి రేకు! ఈ సొట్ట చూడండి, మా ఆవిడ విసిరిన కడ్డీ తగిలిన సొట్ట!"

రెండోది పసుపు. రొట్టెల కొట్టు పేరు సగం దానిమీదే ఉంది. మూడోది తెల్లది, చర్చి వసారాది. తుపాను ఎత్తుకుపోయిన ఊరంతా ఒక్కొక్క రేకుగా కొండ దిగివస్తోంది. జనం గొంతులు గట్టిపడ్డాయి.

"గాలే తెచ్చి నా తోటలో పడేసింది," అన్నాడు అల్సీద్ గోడకు ఆనుకుపోతూ. "నేనెవరిదీ దొంగిలించలేదు. కావాలంటే గాలిని అడగండి."

ఎవరి రేకు వాళ్ళు పట్టుకోబోయారు. ఫెలిసీన్ గరిటెతో గంగాళం మీద ఠంగున కొట్టింది.

"ఆగండి! మీ అందరి ఇళ్ళకీ కొత్త కప్పులు పడ్డాయి. ప్రతి కుద్‌మెన్‌లోనూ నా చేతి వంటే తిన్నారు. ఇప్పుడీ ఒక్కో రేకు పట్టుకుపోయి ఏం చేస్తారు, కోళ్ళగూడు కప్పుతారా? ఇవన్నీ నా ఇంటిమీదకెళ్తాయి. ఎవరికైనా తమ రేకు మీద బెంగ పుడితే వచ్చి చూసుకోండి. అన్నం కూడా పెడతాను."

కోల్బేర్ తన ఆకుపచ్చ రేకును ఒకసారి నిమిరి, ముందుగా అతనే అందించాడు. "మరి వీడినేం చేద్దామక్కా?"

"వీడా? సుత్తి తీసుకుని నిచ్చెనెక్కుతాడు. ఆ ఎర్ర కప్పుకి బదులు, ఇకమీద ఊళ్ళో ఎవరి కుద్‌మెనైనా వంట వీడి పెరట్లోనే. కట్టెలు కూడా వీడివే."

వంగిన రేకులను చదును చేసి, పాత చిల్లులు తారుతో పూడ్చి, పొద్దుగుంకేలోగా కప్పు వేసేశారు. అల్సీద్ కొట్టిన మేకుల్లో సగం వంకరపోయాయి. ఆ కప్పు మీద లేని రంగు లేదు, ఒక్క ఎరుపు తప్ప. ఫెలిసీన్ తన మంచం తను వేసుకుని, తన గురక తను పెట్టింది.

తర్వాతి వానాకాలంలో ఆ కప్పు కారింది. ఆమె ఎవరికీ కబురు పెట్టలేదు. కారేది తమ రేకు కాదని నిరూపించడానికి ఊరు ఊరంతా నిచ్చెనలతో వచ్చింది.