ఒక్క బెల్టు సంసారం

మూడు బెల్టుల కారున్నవాడు సుఖపడ్డట్టు చరిత్రలో ఎక్కడా లేదు!

నవ్వకండి. మీ ఇంట్లో పాత కారు ఉంటే ఇప్పుడే వెళ్ళి బానెట్ ఎత్తి చూడండి. ఒక బెల్టు నీళ్ళ పంపునూ, ఆ పంపుకే తగిలించిన ఫ్యాన్‌నూ తిప్పుతుంటుంది. ఇంకొకటి బ్యాటరీకి కరెంటు అందించే ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది. మూడోది ఏసీకి. ఎవరి బెల్టు వారిది, ఎవరి గోల వారిది. ఒకే ఇంట్లో మూడు పొయ్యిలు వెలిగించినట్టు ఉంటుంది. ఇదీ ఒక నాగరికతేనా?

మా కారు సరిగ్గా అలాంటిదే. మా అమ్మాయి కంటే తొమ్మిదేళ్ళు పెద్దది. పొద్దున్నే తాళం తిప్పగానే మూడింటిలో ఏదో ఒక బెల్టు 'కీ...చ్' మని అరిచేది. ఆ అరుపుకు వీధి చివర షెడ్డులో మెకానిక్ తలెత్తేవాడు. ఆయన్ను మా వీధిలో అందరూ చెవి మేస్త్రి అంటారు. బానెట్ ఎత్తకుండానే చెవి ఒగ్గి, "ఏసీ బెల్టు వదులైంది సార్, ఒకసారి ఇటు తీసుకురండి" అనేవాడు. అయిదు నిమిషాల్లో బిగించి పంపేవాడు.

చూశారా వెనకబాటుతనం! బెల్టు అరవడమేమిటి? మనిషి వినడమేమిటి? విన్నవాడు వచ్చి బిగించడమేమిటి?

ఈ చీకట్లో నాకు దారి చూపినవాడు మా బావమరిది. గురువంటూ లేకుండా వీడియోలు చూసి విద్య నేర్చినవాడు. గీజరు బాగుచేస్తానని కూర్చుని, ఇంటిల్లిపాదికీ పదిహేను రోజులు చన్నీళ్ళ స్నానం అలవాటు చేసిన ఘనుడు.

"ఇంకా మూడు బెల్టులేంటి బావా? సర్పెంటైన్ కిట్ పెట్టేద్దాం. ఒకే బెల్టు పాములా మెలికలు తిరుగుతూ అన్నిటినీ తిప్పేస్తుంది. అరుపుండదు, మాటిమాటికీ బిగించే పనుండదు. పెట్టి మర్చిపోవడమే!" అన్నాడు.

పెట్టి మర్చిపోవడమే! ఎంత గొప్ప మాట! అన్నీ ఒక్కటేనని పెద్దలు ఎంత మొత్తుకున్నా తలకెక్కని నాకు, బానెట్ కింద అద్వైతం బోధపడింది.

పైగా అవసరం కూడా వచ్చిపడింది. ఆ సోమవారం పదింటికి మా ఆవిడకు పక్క ఊరి ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యోగానికి వెళ్తానంది. పదింటికల్లా అక్కడ ఉండాలి, ఆలస్యమైతే లోపలికి రానివ్వరట. నేను వద్దనలేదు. నాకు అభ్యుదయ భావాలున్నాయి. ఏడాదికోసారి వాటిని ఈ కాలమ్‌లో ప్రకటిస్తుంటాను కూడా.

"నేను బస్సులో వెళ్తానులెండి" అంది.

నా భార్య బస్సులో వెళ్ళడమా! ఇంటర్వ్యూకు వెళ్ళేది ఒక్క బెల్టు కారులోనే అని తీర్మానించాను. ఆ ఊపులో "ఒకే బెల్టు, ఒకే బాట" అని ఒక వ్యాసం కూడా రాశాను. అప్పటికి కిట్ ఇంకా ఇంటికి రాలేదు. అనుభవం వచ్చేదాకా ఆగితే ఇక రచయితలు రాసేదెప్పుడు?

నిజం చెప్పాలంటే ఈ సూత్రం నాకు కొత్త కాదు. పదకొండేళ్ళ కిందటే మా ఇంట్లో అమలు చేశాను!

అప్పట్లో మా ఇంటికీ మూడు బెల్టులుండేవి. వంట మా అమ్మది. బజారు పని, అమ్మాయిని స్కూల్లో దింపడం నావి. మా ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. ఉద్యోగం చేసుకుని వచ్చి మిగిలిన పనులన్నీ చూసేది. రోజూ ఏదో ఒక మూల కీచుమనేది. అమ్మ మోకాళ్ళు పట్టేశాయనేది. నేను రాసుకోవడానికి టైం చిక్కడం లేదనేవాణ్ణి. ఒక రోజు ఆవిడా నేనూ కూర్చుని ఆలోచించాం. ఆలోచించాం అంటే, నేను ఆలోచించాను, ఆవిడ కూర్చుంది.

ఉద్యోగం మానేసింది. వంట, బజారు, స్కూలు, అమ్మ మాత్రలు, గ్యాస్ బుకింగ్, ఆఖరికి నా కళ్ళజోడు నేనెక్కడ పెట్టానో గుర్తుంచుకోవడం, అన్నీ ఒకే బెల్టు మీదికి వచ్చేశాయి. ఆ తర్వాత ఇంట్లో కీచుమన్న చప్పుడు లేదు. ఇంతకంటే చక్కటి బెల్టు మార్పిడి ఏ వీడియోలో ఉందో చూపించండి!

సరే, మళ్ళీ కారు దగ్గరికి వద్దాం. కిట్ వచ్చింది. పెట్టె విప్పితే పొడవాటి బెల్టు, నాలుగైదు పుల్లీలు, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్, వీటితోపాటు కొత్త నీళ్ళ పంపు ఒకటి. పంపును చూడగానే నాలోని వివేకి నిద్రలేచాడు. మా కారుకు చెవి మేస్త్రి పోయినేడాదేగా పంపు మార్చాడు? చుక్క నీరు కారదు. మళ్ళీ ఇంకోటెందుకు? ఏ పంపైనా పంపే కదా!

"దీన్ని వెనక్కి పంపేద్దాం" అన్నాను.

బావమరిది కిట్‌తో వచ్చిన కాగితం తిరగేశాడు. "పంపు గురించి ఏదో రాశాడు బావా. మరీ చిన్న అక్షరాలు."

"పెద్ద విషయాలు చిన్న అక్షరాల్లో ఎవడైనా రాస్తాడట్రా?"

వాడికీ సబబుగానే తోచింది. పంపును పంపేశాం.

చెవి మేస్త్రి అటుగా పోతూ గేటు దగ్గర ఆగాడు. "నేనోసారి చూడనా సార్?" అన్నాడు.

"అక్కర్లేదు మేస్త్రీ. ఇవాళ్టి నుంచి మీ చెవికి విశ్రాంతి!" అన్నాను. ఆయన నవ్వి షెడ్డు వైపు నడిచాడు.

శనివారం సాయంత్రానికి బెల్టు ఎక్కింది. తాళం తిప్పాను. కీచు లేదు! వీధిలో రెండు చుట్లు తిరిగొచ్చాం. "కారు ఇంకా బయల్దేరలేదేమిట్రా?" అంది వరండాలోంచి మా అమ్మ. అరిస్తేగాని బయల్దేరినట్టు తెలియని తరం!

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరాం. మా ఆవిడ ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు. వెనక సీట్లో నా వ్యాసం పడిన ఆదివారం పేపరు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు భర్త గురించి అడిగితే చూపించడానికి ఉంటుందని నేనే పెట్టాను.

సగం దూరం వెళ్ళాక రోడ్డు ఎత్తెక్కడం మొదలైంది. దాంతోపాటే వేడి చూపించే సూది కూడా. నేను సూదిని చూసేలోపు అది ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. పక్కకు తీసి, దిగి చూస్తే బెల్టు నిక్షేపంగా ఉంది. పుల్లీలన్నీ చక్కగా తిరుగుతున్నాయి. మరి ఈ ఆవిరేమిటి? ఏమీ అర్థంకాక ఇంజిన్ ఆపేశాను.

"కాసేపు చల్లారనిస్తే అదే సర్దుకుంటుంది" అన్నాను.

మా ఆవిడ వాచీ చూసుకుంది. తొమ్మిదీ అయిదు. "కిట్‌లో పంపు ఒకటి రావాలి. మార్చారా?"

"నీకెలా తెలుసు?"

"కాగితం టేబుల్ మీద ఉంటే చదివాను. పంపు కూడా తప్పకుండా మార్చాలని రాసుంది. మార్చే ఉంటారనుకున్నాను."

"మరి చెప్పొచ్చుగా!"

"అడగొచ్చుగా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

కింద మలుపులో బస్సు కనిపించింది. ఆవిడ చెయ్యెత్తింది, ఫైలు గుండెకు అదుముకుని ఎక్కింది, వెళ్ళిపోయింది. ఆవిరి కక్కుతున్న అద్వైతం, నేను రోడ్డు పక్కన మిగిలాం.

ఫోన్ చేస్తే చెవి మేస్త్రి స్కూటర్ మీద వచ్చాడు. ఇంజిన్ చల్లారేదాకా ఆగి, నీళ్ళు పోసి, స్టార్ట్ చేయించాడు. చెవి ఒగ్గలేదు. "కాగితం ఏదైనా ఉంటే ఇవ్వండి సార్" అన్నాడు. వెనక సీట్లో పేపరు తప్ప ఇంకేమీ లేదు. నా వ్యాసం ఉన్న పేజీని రెండు వేళ్ళతో పట్టుకుని రేడియేటర్ ముందు జాలీ దగ్గర పెట్టాడు.

"ఫ్యాన్ గాలిని లోపలికి లాక్కోవాలి. కాగితం ఈ జాలీకి అతుక్కుపోవాలి. చూడండి" అని వదిలాడు.

నా వ్యాసం ఎగిరొచ్చి నా మొహానికే కొట్టుకుంది.

"వెనక్కి తిరుగుతోంది సార్! పాత బెల్టు లోపలి వైపుతో పంపును తిప్పేది. ఇది వీపుతో తిప్పుతోంది. అందుకని పంపూ ఫ్యానూ రెండూ తిరగబడ్డాయి. తిరుగుతున్నాయేగాని పని జరగట్లేదు. దీనికి వెనక్కి తిరిగే పంపు వేరే ఉంటుంది. కిట్‌తోనే రావాలే?"

"వచ్చింది."

"ఏది?"

"వెనక్కి పంపేశాను."

మేస్త్రి నావైపు జాలిగా చూశాడు. "వెనక్కి తిరిగేదాన్ని వెనక్కి పంపేశారా!"

తర్వాత బెల్టును వేలితో మెల్లగా మెలిపెట్టి లోపలి వైపు గాడులు చూపించాడు. "ఇంకో సంగతి సార్. ఇలాంటి బెల్టు పాతవాటిలా ఊరికే అరవదు. అరవట్లేదు కదా, బాగుందనుకుంటాం. అప్పుడప్పుడు ఇలా తిప్పి లోపలి వైపు చూస్తుండాలి. పగుళ్ళు అక్కడ పడతాయి. ఇది తెగిందంటే నీళ్ళు, కరెంటు, ఏసీ అన్నీ ఒకేసారి పోతాయి."

ఆ మాటకు నాకు బెల్టు గుర్తుకు రాలేదు. పదకొండేళ్ళలో ఆవిడను ఒక్కసారైనా "ఎలా ఉన్నావు?" అని అడిగానా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. సిగ్గేసింది. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే సిగ్గేసింది. ఈ కాలమ్‌లో ఇలాంటివి రాసే అలవాటు లేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

ఆవిడ పదికి అయిదు నిమిషాల ముందే చేరిందట. సాయంత్రం బస్సులోనే ఉద్యోగంతో తిరిగొచ్చింది. రాగానే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. కూరగాయలు తరగడం, అమ్మ మాత్రలు: అమ్మే. బజారు, బట్టలు: అమ్మాయి. పొద్దుటి వంట: నేను! ఎంత తిరోగమనం! మళ్ళీ మూడు బెల్టుల యుగానికి, నేరుగా వెనక్కి!

"ఇంత చిన్న అక్షరాలా? నాకు కనపడొద్దూ?" అన్నాను.

"పెద్ద విషయాలు కావులెండి" అంది. బావమరిది నోట్లో నువ్వుగింజ నానదని అప్పుడే తెలిసింది.

కొత్త పంపు మళ్ళీ తెప్పించి, చెవి మేస్త్రితోనే పెట్టించాను. కారు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. నా మాట మీద నేను నిలబడతాను పాఠకులారా: ఒక్క బెల్టుకు మించింది లేదు! ఆ బెల్టు మనం కానంతవరకు.

ఇవాళ పొద్దున ఆరింటికి పొయ్యి ముందు నిలబడి, ఈ ఇంట్లో రాసుకునేవాడికి విలువ లేదనీ, ఉప్పు డబ్బా ఎవరో దాచేశారనీ, ఒక్క మనిషి ఎన్ని పనులని చూస్తాడనీ కాస్త గట్టిగానే అరిచాను. ఎంత గట్టిగానంటే, వీధి చివర షెడ్డులో చెవి మేస్త్రి తలెత్తడం కిటికీలోంచి కనిపించింది.

"నాన్నకేమైందమ్మా?" అంది మా అమ్మాయి.

మా ఆవిడ అద్దం ముందు ఆసుపత్రి బ్యాడ్జీ పెట్టుకుంటోంది.

"ఏం కాలేదే. అరవనీ" అంది. "అరిచే బెల్టే నయం. ఎక్కడ బిగించాలో తెలుస్తుంది."