సోఫా కొలతకు సరిపోయిన ఊరు

కఫ్ర్ జమ్మార్ గ్రామంలో నేటివరకు ఒక్కరూ చనిపోలేదని భూకొలతల శాఖ సంతోషంతో ప్రకటించింది. ఊరి పటంలో సమాధుల దిబ్బ లేదు. దిబ్బ లేనిచోట సమాధులుండవు, సమాధులు లేనిచోట చావులుండవు. కనుక కాలువ అవతలి ఖాళీ జాగాలో కైరో రోడ్డు వేయడానికి అడ్డంకి లేదు.

ఆ ఖాళీ జాగాలోనే బయ్యూమీ ఆరేళ్ళ కిందట తన భార్య వహీబాను పూడ్చి వచ్చాడు. ప్రతి గురువారం వెళ్ళి ఖర్జూరపు మట్ట పెట్టి, ఆమె పేర రొట్టెలు పంచుతాడు. శాఖ ప్రకారం అతడు ఆరేళ్ళుగా ఉత్త నేలకు మట్టలు పెడుతున్నాడు.

బయ్యూమీ శాఖకు వెళ్ళాడు.

"సిస్టం పడిపోయింది బాబాయ్," అన్నాడు గుమస్తా.

"ఎప్పుడు లేస్తుంది?"

"పడ్డదాన్నే అడగాలి."

"పోనీ, పాత కాగితం పటం తియ్యి."

"కంప్యూటరొచ్చాక కాగితాలన్నీ వేలమేశాం. గోడలకు పెట్టుకోడానికి ఎగబడి కొన్నారులే. మీ ఊరు కైరోలో ఇంగీ హానిమ్ అనే గొప్పింటావిడ హాల్లో ఉంది."

శాఖ నిబంధనలను గౌరవిస్తుంది. అసలు పటం ఎక్కడుంటే విచారణ అక్కడే. ముగ్గురు అధికారులు, ఊరిపెద్ద అయిన ఉమ్దా, బయ్యూమీ కైరో వెళ్ళి హానిమ్ హాల్లో చెప్పులు విప్పి నిలబడ్డారు. పిస్తా రంగు సోఫా పైన గోడకు, బంగారు చట్రంలో ఊరు మెరిసిపోతోంది. పటం కాలువ గట్టున ఆగిపోయింది.

"మిగతాదేదమ్మా?" అన్నాడు బయ్యూమీ.

"సోఫాకన్నా రెండు జానలు పొడుగైంది హాజీ. ఎబ్బెట్టుగా ఉందని కోయించా. పారేస్తానా, అయ్యో! స్నానాలగదిలో దీపానికి గొడుగులా తొడిగించా."

అందరూ స్నానాలగదిలో సర్దుకున్నారు. దీపం వెలిగించారు. సమాధుల దిబ్బ గులాబిరంగులో వెలిగింది.

"ఇదిగో, ఈ మూలే మా వహీబా," బయ్యూమీ వేలు పెట్టి చూపాడు.

పెద్ద అధికారి గొంతు సవరించుకున్నాడు. "పటమనగా చట్రంలో ఉన్నది. చట్రం వెలుపలిది అలంకరణ. అలంకరణలో మనుషులను పూడ్చినట్టు శాఖ అంగీకరించజాలదు."

"భలే సెలవిచ్చారు పాషా!" అన్నాడు ఉమ్దా.

"మీ నాయనా అక్కడేగదయ్యా ఉన్నాడు?" అన్నాడు బయ్యూమీ.

"మా నాయనకి రోడ్లంటే ప్రాణం."

హానిమ్ దయగలది. "బాధపడకు హాజీ. చుట్టాలు లేనప్పుడొచ్చి దీపం చూసుకుపో."

"రొట్టెలెవరికి పంచమంటావమ్మా? సబ్బుకా?"

రోడ్డు పడింది. ఊరు గర్వపడింది. హానిమ్ గోడమీది పటానికి నకళ్ళు తీయించి, ఇంటింటా బంగారు చట్రం కట్టించుకున్నారు. అమ్మానాన్నలను ఆ దిబ్బలో పూడ్చినవాళ్ళు అందరికన్నా పెద్దవి కట్టించుకున్నారు. పటం ఎక్కడ ఆగిపోయిందో ఎవరూ చూడలేదు. బయ్యూమీ గోడ మాత్రం ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి, అతనికి బొత్తిగా అభిరుచి లేదంటారు. గురువారాలు అతడు రోడ్డంచున నిలబడి లారీలవాళ్ళకు రొట్టెలిస్తాడు.

మీ హాల్లోనూ ఒక పటం ఉండే ఉంటుంది. గోడకు ఎంత చక్కగా సరిపోయిందో చూసుకోండి.