మా కాలువే మా క్యాలెండర్

ప్రతి అపార్ట్‌మెంట్ వెనకా ఒక అద్దకం ఫ్యాక్టరీ ఉండి తీరాలి. ఇది నా డిమాండు. పార్కులు, క్లబ్ హౌసులు, స్విమ్మింగ్ పూల్స్ ఎవరిక్కావాలండీ? బిల్డర్లు బ్రోషర్ మొదటి పేజీలో వేయాల్సింది ఫ్యాక్టరీ పొగగొట్టం బొమ్మ!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. ఢిల్లీ పక్కన, ఘజియాబాద్‌లోని ఇందిరాపురంలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మా సొసైటీ గోడ వెనక ఒక కాలువ, దానికి ఎగువన బట్టలకు రంగులద్దే ఒక కంపెనీ ఉన్నాయి. కంపెనీ పేరు చెప్పను. గౌరవంగా ‘కంపెనీవారు’ అందాం. వారు మాకు చేస్తున్న మేళ్లను నలుగురికీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి మేలు, మా ఇంట్లో క్యాలెండర్ అక్కర్లేదు. బాల్కనీలోంచి కిందికి చూస్తే చాలు. కాలువ నీలంగా ఉంటే సోమవారం. ఎర్రగా ఉంటే బుధవారం. వంకాయ రంగయితే శుక్రవారం, ఆకుపచ్చయితే శనివారం. మా ఎదురింటి వెంకటసుబ్బయ్యగారు రిటైరయ్యాక వారాలు మరిచిపోతుండేవారు. ఇప్పుడు ఆకుపచ్చ కనబడగానే శనివారం ఉపవాసం మొదలుపెడతారు. ఒక్కసారే పొరపాటు జరిగింది. ఎగుమతి ఆర్డరు తొందరలో కంపెనీవారు శనివారం కూడా నీలమే వదిలారు. పెద్దాయన సోమవారమనుకుని రెండు ఆమ్లెట్లు తినేశారు. ఆ పాపం కంపెనీవారిది కాదు, అమెరికాలో జీన్స్ కొనుక్కునేవాళ్లది.

ఇక ఫ్యాషన్ సంగతి. ఈ నెల మా కాలువలో పారిన రంగే మూడు నెలల తర్వాత మాల్‌లో హ్యాంగర్‌కు వేలాడుతుంది. మా ఆవిడ గౌరి ఆ ధైర్యంతోనే చీరలు ముందుగా కొని, ఆడవాళ్లందరికీ మార్గదర్శి అయి కూర్చుంది. పారిస్‌లో ఉన్నవాళ్లకు ఈ సౌకర్యం ఉందా?

చలికాలంలో నురగ వస్తుంది. తెల్లగా, ఎత్తుగా, మనిషి నడుం దాకా! కొత్తగా పెళ్లయిన జంటలు స్వెటర్లు తొడుక్కొచ్చి ఫొటోలు దిగి, కశ్మీర్ వెళ్లొచ్చామని ఊళ్లోవాళ్లకు పంపుతున్నారు. గాలికి ఎగిరొచ్చిన నురగ మూడో అంతస్తు నాని చెంపకు అంటుకుంటే అతను దాంతోనే గడ్డం గీసుకున్నాడట. గడ్డం మళ్లీ రాలేదు. షేవింగ్ ఖర్చు జీవితాంతం మిగిలింది కదా అని మేమంతా అభినందించాం.

వాసన గురించి కూడా చెప్పాలి. మా బావమరిది నెల రోజులు ఉండిపోదామని మూడు సూట్‌కేసులతో దిగాడు. లిఫ్ట్ దగ్గరే ఆగిపోయి, “బావా, కరోల్‌బాగ్‌లో హోటల్ బుక్ చేసేసుకున్నాలే, మీకెందుకు శ్రమ” అన్నాడు. మా సంసారంలో అంత మంచి మాట అతని నోట ఎప్పుడూ వినలేదు.

కాలువ నీళ్లు అప్పుడప్పుడు తేటగా కూడా ఉంటాయి. ఇన్‌స్పెక్టర్‌గారు వచ్చే రోజన్నమాట. ఆయన రెండు రోజుల ముందే కబురు పంపి వస్తారు. ఆ రెండు రోజులూ కంపెనీలో నీళ్లను శుద్ధి చేసే యంత్రాన్ని కొత్త అల్లుడిలా ముస్తాబు చేసి తిప్పుతారు. ఆయన కారు గేటు దాటగానే దాన్ని పడుకోబెట్టేస్తారు. మొన్న ఆ తేట నీళ్లు చూసి కాలువగట్టు బస్తీ పిల్లలు హడలిపోయారు. నీళ్లకు ఏదో జబ్బు చేసిందనుకున్నారు.

ఆ బస్తీకి కంపెనీవారు దానంగా ఒక చేతిపంపు కూడా వేయించారు, కాలువకు పది అడుగుల దూరంలో. పంపు కన్నా దాని మీది బోర్డు పెద్దది. కొడితే పసుపుపచ్చటి నీళ్లొస్తాయి. పసుపు ఒంటికి ఎంత మంచిదో మన పెద్దవాళ్లను అడగండి!

ఇన్ని మేళ్లు కళ్లెదుట ఉన్నా గుర్తించని మనిషి ఒకరున్నారు. పేరు సరళకుమారి. బాపట్ల నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నారు. డ్యూటీ దిగాక ఇంటికెళ్లి టీవీ చూసుకోవచ్చా? చూసుకోరు. బస్తీలోని చర్చి వరండాలో కూర్చుని పిల్లలకు మందులిస్తారు. పైగా ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టారు. తేదీ, బిడ్డ పేరు, బాధ. నాలుగో గడిలో ఆ రోజు కాలువ రంగు!

ఆ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. నేనొక తెలుగు పత్రికకు ఢిల్లీ విలేకరిని లెండి. ఎనిమిది నెలల్లో నూట పన్నెండు మంది పిల్లలు. నీలం రోజుల్లో చేతుల మీద పొక్కులు. ఎర్ర రోజుల్లో కళ్ల మంట. పంపు నీళ్లు తాగిన ఇళ్లలో వాంతులు.

“పేర్లు చెప్పమంటే తల్లులు భయపడ్డారండీ,” అన్నారావిడ. “పేపర్లో వస్తే ట్యాంకర్ నీళ్లొస్తాయని నేనే ఒప్పించాను. ఈ పిల్ల మాత్రం తన పేరు వేయాల్సిందేనంటోంది. ఏ పేజీలో వేస్తారండీ?”

పక్కన ఆరేళ్ల పిల్ల అరచేతులు చాపి చూపించింది. సబ్బుతో కడిగినా పోని నీలం. “అంకుల్, ఫొటో భీ ఆయేగా క్యా?” అంది, ఫొటో కూడా వస్తుందా అని.

మూడు నెలలు తిరిగి పెద్ద రిపోర్టు రాశాను. నీళ్లు పరీక్ష చేయించాను. ఎడిటర్ వీరరాఘవులుగారు చదివి, “అద్భుతం, లీగల్‌కు పంపుదాం” అన్నారు.

లీగల్ అంటే మా పత్రిక లాయరు శివకుమార్‌గారు. అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనం చేస్తూ, పప్పు చెయ్యి ఒకటీ ఎర్ర పెన్ను చెయ్యి ఒకటీగా నా రిపోర్టు దిద్దారు. ‘కాలువ’ను ‘కాలువగా చెప్పబడుతున్నది’ చేశారు. ‘నీలం’ పక్కన ‘అని ఆరోపణ’ చేర్చారు. పిల్ల పేరు మొదట పొడి అక్షరమైంది, తర్వాత ‘ఒక వ్యక్తి’ అయింది, పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి మాయమైంది. ఆయన చెయ్యి కడుక్కునేటప్పటికి నా ఆరు పేజీల్లో మిగిలినవి రెండు మాటలు: ‘ఘజియాబాద్, ఆదివారం’.

“ఆదివారం కూడా కాస్త రిస్కే,” అన్నారు.

మరునాడు మా పత్రిక చివరి పేజీ నిండా కంపెనీవారి ప్రకటన వచ్చింది. దోసిట్లో పచ్చటి మొక్క. నా రిపోర్టు రాలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటకు కారణం కాలువ రంగు కాదు.

వీరరాఘవులుగారు మంచివారు. నా మొహం చూసి జాలిపడ్డారు. “ఊరికే మనసు పాడుచేసుకోకు. హాస్యం కాలమ్ ఖాళీగా ఉంది, ఏదైనా సరదాగా రాసివ్వు” అన్నారు.

“లీగల్‌కు పంపాలా సార్?”

“హాస్యాన్ని ఎవడు చూస్తాడయ్యా!”

అదీ సంగతి. అందుకే సరదాగా రాశాను. వెంకటసుబ్బయ్యగారి ఆమ్లెట్లు, నాని గడ్డం నా కల్పన. రంగులు, వారాలు, రెండు రోజుల ముందు కబురు, పంపుకూ కాలువకూ మధ్య పది అడుగులు మాత్రం ఆ నోట్‌బుక్‌లోవీ, అచ్చుకాని నా రిపోర్టులోవీ.

శివకుమార్‌గారూ, పొరపాటున ఈ పేజీ తిప్పితే దయచేసి నవ్వండి. మీకు నవ్వు రాకపోతే ఇది ఆరోపణ అయిపోతుంది.

సరళకుమారిగారూ, మీరడిగిన పేజీ ఇదే. ఎనిమిదో పేజీ, రాశిఫలాల కింద. ఫొటో వేయలేకపోయాను. ఆ పిల్ల పేరు ఆర్తి, ఆరేళ్లు, కాలువగట్టు బస్తీ. అచ్చులో పడింది, చదివి వినిపించండి.