మొదటి పాఠం ఉచితం

కళ్లజోళ్ల దుకాణం ఆయన ఆ రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, కిటికీలోంచి బయట నిలబడ్డ కారును చూస్తూ ఒక పథకం వేశాడు. కారు బావమరిది ఇచ్చింది. అతను కొత్తది కొనుక్కుని, పాతదాన్ని అక్క ఇంటి ముందు నిలిపి, "బావా, ఇక నీ ఇష్టం" అని తాళాలు చేతిలో పెట్టి వెళ్లాడు. అప్పటినుంచీ అది గుడ్డ కప్పుకుని అక్కడే ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ కారు నడపడం రాదు.

రావలసిన అవసరం మాత్రం గట్టిగానే వచ్చిపడింది. ఆయన భార్య పెద్దాస్పత్రిలో నర్సు. ఊరి చివర కొత్తగా కట్టిన పిల్లల విభాగానికి ఆవిణ్ణి వేశారు. రెండు నెలల్లో వెళ్లి చేరాలి. డ్యూటీ తెల్లవారుతూనే మొదలు. తొలి బస్సు పట్టుకుని, దారిలో ఇంకో రెండు బస్సులు మారి అక్కడికి చేరేసరికి డ్యూటీ మొదలై గంట దాటిపోతుంది.

"మొదటి రోజే ఆలస్యంగా వెళ్తే ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తారండీ" అంది ఆవిడ.

పసిపిల్లల వార్డులో పని చేయాలని ఆవిడ ఎన్నాళ్లుగా ఆశ పడుతోందో ఆయనకు తెలుసు. "నేనుండగా నీకు బస్సులేమిటి! ఈలోగా కారు నేర్చుకుని నేనే దింపుతా" అని మాటిచ్చేశాడు. మాటివ్వడానికి ఖర్చేమీ లేదు.

ఖర్చంతా ఆ తర్వాతే మొదలైంది. డ్రైవింగ్ స్కూల్లో ఫీజు అడిగి వచ్చి ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఆయన ఏ ధరనైనా కళ్లజోడు ఫ్రేముల్లోకి మార్చుకుని చూస్తాడు. పది పాఠాల ఫీజును అలా మార్చి చూస్తే దుకాణంలో ఒక అద్దాల బీరువా ఖాళీ అయ్యేలా ఉంది. పిసినారి అంటే ఆయన నొచ్చుకుంటాడు. డబ్బు తన దగ్గరున్నంత హాయిగా పరాయివాళ్ల దగ్గర ఉండలేదని ఆయన నమ్మకం, అంతే.

అయితే ఆయన కళ్లు చురుకైనవి. ఊళ్లో ప్రతి డ్రైవింగ్ స్కూలు ముందూ ఒకే బోర్డు కనబడింది: మొదటి పాఠం ఉచితం. కోర్సుకి పది పాఠాలు. ఊళ్లో పది స్కూళ్లు. ఒక్కో స్కూల్లో ఒక్కో పాఠం చొప్పున కానిచ్చేస్తే కోర్సు పూర్తయిపోతుంది. ఇంత తేలిక లెక్క ఇన్నాళ్లూ ఎవరికీ తట్టనందుకు ఆయన ఊరి మీద జాలిపడ్డాడు. నిజానికి తన దుకాణానికొచ్చి ఇరవై ఫ్రేములు పెట్టి చూసుకుని, ఏదీ కొనకుండా వెళ్లిపోయేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. ఆ సంగతి ఆ పొద్దున ఆయనకు గుర్తు రాలేదు.

మొదటి స్కూల్లో మొదటి పాఠం చక్కగా సాగింది. సీటు సర్దుకోవడం, బెల్టు పెట్టుకోవడం, అద్దాలు చూసుకోవడం, క్లచ్ మెల్లగా వదలడం, మొదటి గేరులో తిన్నగా వీధి చివరిదాకా వెళ్లి ఆపడం. "రేపట్నించి మలుపులు మొదలెడదాం సార్" అన్నాడు మాస్టారు. "చూద్దాంలెండి" అని ఈయన దిగి వచ్చేశాడు.

చిక్కు రెండో స్కూల్లో బయటపడింది. అక్కడి మాస్టారు కూడా సీటు సర్దుకోమన్నాడు. బెల్టు పెట్టుకోమన్నాడు. తిన్నగా వీధి చివరిదాకా తీసుకెళ్లి ఆపమన్నాడు. మలుపులు నేర్పమని అడుగుదామంటే, ఇదివరకే ఒక పాఠం అయిందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఇది మొదటి పాఠం కాదు. మొదటిది కాకపోతే ఉచితం కాదు. ఈ ముడి ఎటు లాగినా బిగుసుకుంటోంది తప్ప ఊడిరావడం లేదు.

"ఏం నేర్చుకున్నారండీ ఇవాళ?" అని భార్య అడిగింది.

"నిన్నటిదాన్నే కాస్త లోతుగా" అన్నాడాయన.

తర్వాతి స్కూళ్లలో ఎవరో ఒకరు పొరపాటున రెండో పాఠం చెప్పకపోతారా అని తిరిగాడు. ఎవరూ చెప్పలేదు. అయిదో స్కూలుకి వచ్చేసరికి మొదటి పాఠం ఆయనకు ఒంటబట్టేసింది. ఏమీ రానివాడిలా నటిద్దామన్నా కాళ్లు మాట వినడం మానేశాయి. మాస్టారు "అద్దం..." అని నోరు తెరిచేలోపు చెయ్యి వెళ్లి అద్దాన్ని సర్దేది. క్లచ్ ఎంత మెత్తగా వదిలేవాడంటే, బండి కదిలిందని మాస్టారికి పక్కనున్న గోడ వెనక్కి పోతుంటే గానీ తెలిసేది కాదు.

"ఇదివరకు ఎక్కడైనా నేర్చుకున్నారా సార్?"

"అబ్బే, ఇదే మొదటిసారి."

మాస్టారు అనుమానంగా చూశాడు. దిగేముందు ఈయన ఊరికే ఉండక, ముందు ముందు బేరమాడాల్సి వస్తే పనికొస్తుందని, "ఒక పాఠానికి పెట్రోలు ఎంత తాగుతుందండీ మీ బండి? మాస్టర్లకు జీతాలెంతిస్తారు? క్లచ్ ఎన్నాళ్లకు అరుగుతుంది?" అని ఆరా తీశాడు. ఈ ప్రశ్నలు ఆయన అన్ని స్కూళ్లలోనూ అడిగాడు.

సాయంత్రాలు డ్రైవింగ్ మాస్టర్లంతా టెస్టులు జరిగే మైదానం పక్కన టీ కొట్టు దగ్గర చేరతారు. ఒకరోజు అయిదో స్కూలు మాస్టారు ఈ వింత విద్యార్థి సంగతి ఎత్తాడు. "సన్న ఫ్రేము కళ్లజోడేనా? నా దగ్గరికీ వచ్చాడే!" అన్నాడొకడు. "నన్నూ పెట్రోలు లెక్క అడిగాడు" అన్నాడు ఇంకొకడు. వాళ్లందరిలోకీ పాత స్కూలు నడిపే పొడుగు మాస్టారు గ్లాసు కింద పెట్టాడు.

"అంత బాగా నడిపేవాడు నేర్చుకోవడానికి రాడు. మనం ఎలా నేర్పుతున్నామో, మనకెంత మిగులుతోందో చూసిపోవడానికొచ్చాడు. కొత్త స్కూలు పెడుతున్నాడురా!"

అప్పటికి ఇది ఉత్త అనుమానమే. దాన్ని రూఢి చేసిన ఘనత ఈయన భార్యకు దక్కింది. మొగుడు ఇన్నాళ్లుగా నిన్నటి పాఠాన్నే లోతుగా నేర్చుకుంటుంటే ఆవిడకు గుండెల్లో దడ పట్టుకుంది. తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, మీ బావ పక్కన కూర్చోవలసింది నేను. నా వైపు కూడా ఒక బ్రేకు పెట్టించు" అంది. బావమరిది ఏ పనైనా తలపెడితే సగంలో ఆపేవాడు కాదు. కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి రెండో బ్రేకు బిగించి, ముందూ వెనకా నేర్చుకునేవాళ్ల ఎల్ బోర్డులు తగిలించి, డ్రైవింగ్ స్కూలు కార్లకున్నట్టే పైకప్పుకి పచ్చరంగు కూడా వేయించి తెచ్చాడు. ఊళ్లో రెండో బ్రేకు బిగించే మెకానిక్ ఒక్కడే. డ్రైవింగ్ స్కూళ్ల కార్లన్నీ అతని చేతిమీద తయారైనవే. అతను ఆ సాయంత్రమే టీ కొట్టుకి వెళ్లి, "కళ్లజోళ్లాయన బండి సిద్ధం చేశా" అని పదిమంది చెవినా వేశాడు.

మర్నాటికి వార్తకు కాళ్లొచ్చాయి. దుకాణానికి వచ్చిన ఒక పెద్దావిడకు ఈయన ఫ్రేములు తీసి చూపించబోతే, "కళ్లజోడు కోసం కాదు నాయనా. నీ స్కూల్లో ఫీజు తక్కువటగా, మా కోడల్ని చేర్పిద్దామని" అంది. ఆమెకు నచ్చజెప్పి పంపేలోపు ఇంకో ఇద్దరు వచ్చారు. మధ్యాహ్నం ఒక డ్రైవింగ్ మాస్టారు గుట్టుగా లోపలికొచ్చి, "అక్కడ జీతం సరిగ్గా ఇవ్వడం లేదు సార్. మీ దగ్గరేమన్నా ఖాళీ ఉందా?" అని అడిగాడు.

సాయంత్రం పొడుగు మాస్టారే స్వయంగా వచ్చాడు. అలవాటు కొద్దీ అద్దం ముందు నిలబడి ఒక్కో ఫ్రేమూ పెట్టుకుని చూసుకుంటూ మాట్లాడాడు.

"ఇంత మంచి దుకాణం ఉంది మీకు. మా పొట్ట కొట్టడం ఏం న్యాయం సార్?"

"అయ్యో, నేను స్కూలు పెట్టడం లేదండీ! నాకు కారు నడపడం రాదు!"

"రాదా?" పొడుగు మాస్టారు బాధగా నవ్వి, నల్ల ఫ్రేము తీసి గోధుమరంగుది పెట్టుకున్నాడు. "మీరు క్లచ్ వదలడం ఈ కళ్లతో చూశా. ముప్ఫై ఏళ్లుగా నేర్పుతున్నా, నాకే అలా రాదు. పోనీ, మీ ఫీజెంతో అదైనా చెప్పండి."

"అసలు స్కూలే లేకపోతే ఫీజేమిటండీ!"

పొడుగు మాస్టారు మొహం పాలిపోయింది. "అంటే ఊరికే నేర్పేస్తారా?" అని గోధుమరంగు ఫ్రేము బల్లమీద పెట్టి గబగబా బయటపడ్డాడు. ఏదీ కొనలేదు.

ఆ రాత్రికి రాత్రే ఊళ్లో డ్రైవింగ్ పాఠాల ధర సగానికి పడిపోయింది. ఒక స్కూలు తగ్గిస్తే పక్క స్కూలు ఇంకాస్త తగ్గించింది. మొదటి పాఠం ఉచితమన్న బోర్డుల మీద రంగు పూసి, మొదటి మూడు పాఠాలు ఉచితమని రాశారు. దర్జీలు, బడిపంతుళ్లు, చాకిరీతో నడుం వంగిన తల్లులు, ఎన్నాళ్లుగానో నేర్చుకోవాలని ఉండీ ఫీజుకు జడిసి ఊరుకున్నవాళ్లంతా స్కూళ్ల ముందు వరస కట్టారు.

ఆ బోర్డులు చూసి ఈయన ప్రాణం లేచివచ్చింది. మూడు పాఠాలంటే మలుపులు, వెనక్కి నడపడం కూడా ఉచితంగా వచ్చేస్తాయి! దుకాణం మూసి పరుగు పరుగున వెళ్లాడు. మొదటి స్కూలువాళ్లు ఆయన్ని దూరం నుంచే చూసి తలుపు వేసేసుకున్నారు. రెండో స్కూల్లో, "మీకు మేం నేర్పేదేముంది సార్, మీరే మాకు నేర్పాలి" అని మర్యాదగా గుమ్మం దాకా సాగనంపారు. అలా అన్ని స్కూళ్లూ తిరిగి, గడువు దగ్గర పడుతుండటంతో చివరికి పొడుగు మాస్టారి ముందు నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నాడు.

"పూర్తి ఫీజిస్తాను. పాత ఫీజే ఇస్తాను."

పొడుగు మాస్టారు కళ్లు చిట్లించాడు. "మా రెండో పాఠం కూడా కావాలన్నమాట మీకు" అన్నాడు. "ఎంతిచ్చినా చెప్పం."

ఆ పూట ఆయన నడిచి ఇంటికొచ్చాడు. దారిలో పచ్చ పైకప్పు కార్లు ఆయన్ని దాటుకుని పోతూనే ఉన్నాయి. కుట్టుపని చేసే పక్కింటావిడ ఒకదాన్ని సుతారంగా మలుపు తిప్పుకుంటూ వెళ్లింది. ఆయనకు ఏడుపొకటే తక్కువ. డబ్బు పోయినందుకు కాదు, డబ్బు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. భార్యకిచ్చిన మాట పోతోందని ఏడుపు. చెబుదామని రోజూ అనుకున్నాడు. ఆవిడ యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటుంటే చూసి, రోజూ నీళ్లు నమిలి ఊరుకున్నాడు.

ఆవిడ డ్యూటీలో చేరాల్సిన రోజు రానే వచ్చింది. ఇంకా చీకటి విడవలేదు. ఆవిడ తయారై, భోజనం డబ్బా ఒళ్లో పెట్టుకుని కారులో పక్క సీట్లో కూర్చుంది. ఆయన సీటు సర్దుకున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. అద్దాలన్నీ చూసుకున్నాడు. క్లచ్ వెన్నలా వదిలాడు. కారు నిద్రపోతున్న వీధిలో తిన్నగా, ఒక్క కుదుపు కూడా లేకుండా సాగింది.

"బాగా నడుపుతున్నారే!" అంది ఆవిడ.

వీధి చివర వచ్చింది. అక్కణ్ణించి కుడివైపు తిరగాలి. ఆయన అద్భుతంగా ఆపాడు. ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైందండీ?"

"ఇంతవరకే వచ్చు" అన్నాడాయన. ఇక దాచలేక మొత్తం చెప్పేశాడు, పది స్కూళ్లు, ఒకటే పాఠం, తలుపులు వేసేసుకోవడం, అన్నీ. "ఫీజు కోసం చూసుకుని నీ పోస్టు మీదికి తెచ్చాను. నాకు బుద్ధి లేదు. ఎలాగైనా టాక్సీ దొరుకుతుందేమో చూస్తా" అని తలుపు తీయబోయాడు.

"దిగండి. కానీ టాక్సీ కోసం కాదు, ఇటొచ్చి కూర్చోండి" అంది ఆవిడ.

ఆయన అర్థం కాకపోయినా దిగి, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆవిడ భోజనం డబ్బా ఆయన ఒళ్లో పెట్టి, తను స్టీరింగు ముందు కూర్చుని, కారును కుడివైపు తిప్పి పెద్ద రోడ్డెక్కించింది. రెండో గేరు, మూడో గేరు. మూడో గేరులో లోకం ఎలా ఉంటుందో ఆయన చూడటం అదే మొదటిసారి.

"నువ్వు... ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"ఫీజులు సగానికి పడిపోయాయిగా! మీ భార్యనని చెప్పకుండా పొడుగు మాస్టారి దగ్గర చేరా. సగమైనా మీరు దండగే అంటారని చెప్పలేదు. మొన్న టెస్టు కూడా అయిపోయింది." ఆవిడ అద్దంలోకి చూసి ఒక పాల బండిని దాటింది. "అదేం చిత్రమోనండీ, నాకు రెండో రోజు వేరే పాఠం చెప్పారు."

"మరి ఇవాళ నన్నెందుకు నడపనిచ్చావ్?"

"మాటిచ్చారుగా. ఎంతవరకు నిలబెట్టుకుంటారో చూద్దామని."

ఆయనకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ముచ్చటేసింది. దారిపొడుగునా భోజనం డబ్బా పదిలంగా పట్టుకుని ఆవిడ చేతులనే చూస్తూ కూర్చున్నాడు. ఆస్పత్రి ఆవరణలో ఆవిడ రెండు కార్ల మధ్య వెనక్కి నడిపి కారు నిలిపింది. పెద్ద గడియారం ప్రకారం డ్యూటీకి ఇంకా పది నిమిషాల టైముంది. ఆవిడ డబ్బా అందుకుని, తాళాలు సంచిలో వేసుకుని, పిల్లల వార్డు మెట్లు గబగబా ఎక్కింది. పైమెట్టు మీద ఒక్క క్షణం ఆగి చెయ్యూపింది. ఆయనా ఊపాడు.

కారు సాయంత్రం దాకా అక్కడే ఉండాలి. దుకాణం తీసే వేళ మాత్రం ఎవరి కోసం ఆగదు. ఆయన గేటు బయట బెంచీ మీద తొలి బస్సు కోసం చాలాసేపు కూర్చున్నాడు. అది వచ్చాక ఎక్కి, టికెట్టుకు ఎంతన్నారో అంతా ఇచ్చి, దారిలో ఇంకో రెండు బస్సులు మారడానికి సిద్ధపడి ఇంటిదారి పట్టాడు.